దింపుడు కళ్లం దగ్గర పిలిచినవాడు

ఆమదాలవలస స్టేషను రోడ్డులో ధనరాజు టైలరింగు షాపుకి బట్టలు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్ల కంటే వాదన పెట్టుకోవడానికి వచ్చేవాళ్లే ఎక్కువ. రెడీమేడ్ చొక్కాలు వచ్చాక మొదటి రకం బాగా పలచబడిపోయారు. రెండో రకం తగ్గలేదు. మెడలో టేపు వేసుకుని, నోట్లో దారపు కొస పెట్టుకుని, కత్తెర పక్కన పెట్టకుండానే ధనరాజు ఎంతటివాడికైనా జవాబు చెప్పేవాడు. కోపం రాదు. గొంతు పెరగదు. అవతలివాడు వెళ్లిపోయాక గెలిచానని నవ్వుకోవడం కూడా ఉండదు. మళ్లీ మిషను తొక్కుతాడు.

పేటలో ఉన్న చర్చికి అతను సంఘపెద్ద. పేట అంటే ఏ కులాలవాళ్లు ఉండే చోటో ఆ ఊళ్లో ఎవరికీ వివరించక్కర్లేదు. పాస్టర్లు వస్తారు, మూడు నాలుగేళ్లు ఉంటారు, పెద్ద ఊరికి బదిలీ చేయించుకుని పోతారు. పెద్ద మాత్రం అక్కడే ఉంటాడు. అందుకని సంఘం ఏది నమ్మాలో, ఏది నమ్మకూడదో నిజానికి తేల్చేది పాస్టరు కాదు, ధనరాజు. శనివారమే అసలు విశ్రాంతి దినమని చెప్పడానికి ఒకాయన వచ్చాడు. లోకం ఏ నెలలో అంతమవుతుందో తెలుసంటూ మరొకాయన వచ్చాడు. ప్రార్థించిన నూనె రాస్తే కోర్టు కేసులు తేలిపోతాయని ఇంకొకాయన పెట్టె నిండా సీసాలు వేసుకుని వచ్చాడు. ముగ్గుర్నీ ధనరాజు కూర్చోబెట్టి టీ ఇప్పించి, బైబిలు వాక్యం ముందు పెట్టుకుని, ఒక్కో ప్రశ్నే అడిగి పంపేశాడు. నూనె సీసాలాయన మాత్రం పోతూ పోతూ చొక్కా కొలతలు ఇచ్చి పోయాడు.

మతం మారింది బియ్యం కోసమేగా అని ఎవరన్నా ఎత్తిపొడిస్తే అతని జవాబు సిద్ధంగా ఉండేది. "అవును, మా తాతకి ఆకలేసింది. మీరు పెట్నేదు, మిషనోళ్లు పెట్టేరు. ఆ తర్వాత మూడు తరాలు ఎవులూ పెట్టకపోయినా ఉండిపోయేం. దానికేటంతావు?" అనేవాడు. దానికి అనడానికి ఎవరి దగ్గరా ఏమీ ఉండేది కాదు, ఒక్క తిరుమలరావు దగ్గర తప్ప.

తిరుమలరావు రైసుమిల్లులో గుమస్తా. రైతుల ఇంటివాడు, ఊరి మధ్యలో పెంకుటిల్లు. ఇద్దరూ హైస్కూల్లో ఒకే తరగతి. ప్రతి ఆదివారం తెల్లారకుండా తలకి పోసుకుని అరసవల్లి వెళ్లి సూర్యదేవుడి దర్శనం చేసుకుని వచ్చేవాడు. ధనరాజు అదే పొద్దున చర్చిలో ఉండేవాడు. సాయంత్రం ఇద్దరూ మూసి ఉన్న షాపు ముందు మెట్టు మీద కూర్చుని, పొద్దున ఎవరి దేవుడి దగ్గర వాళ్లు తెచ్చుకున్నదంతా ఒకరి మీద ఒకరు ప్రయోగించుకునేవాళ్లు.

"ఏటి పాస్టరుగోరూ, మీ ప్రభువు ఇయ్యాల ఏటన్నాడు?" అనేవాడు తిరుమలరావు.

"పొద్దుని మొక్కొద్దు, పొద్దు పొడిపించేవోణ్ణి మొక్కమన్నాడు రావుగోరూ."

"ఆ పొడిపించేవోడు కనపడ్డేటి ఎప్పుడైనా? మావోడు రోజూ కనపడతాడు."

"మీ మిల్లు ఓనరు హైదరాబాదులో ఉంతాడు. ఎప్పుడైనా కనపడ్డేటి? మరి జీతం వస్తంది గదా."

"జీతం సంగతి ఎత్తకురా బాబూ, అది నమ్మకం మీదే నడుత్తంది."

వీళ్ల స్నేహాన్ని మతసామరస్యం పద్దులో రాసి వేదికల మీద చదవడానికి వీల్లేదు. ఒకరి నమ్మకాన్ని ఒకరు గౌరవించుకున్న పాపాన ఎన్నడూ పోలేదు. ఎదుటివాడు తప్పు అన్న సంగతి ఇద్దరికీ ఖాయంగా తెలుసు. తిరుమలరావు చచ్చిపోతే నరకానికి పోతాడని ధనరాజు నమ్మాడు, మొహం మీదే చెప్పాడు. ఈ మాల పిల్లలందరినీ ఎవరో తెల్లవాళ్లు మాయచేసి పోయారని తిరుమలరావు నమ్మాడు, అదీ మొహం మీదే చెప్పాడు. ఒకరికొకరు అవసరమైన సంగతి మాత్రం ఇద్దరూ ఎప్పుడూ చెప్పుకోలేదు. ఇంకో చిన్న సంగతి. ఒకే బెంచీ మీద చదువుకున్నా తిరుమలరావు 'ఒరే' అనేవాడు, ధనరాజు 'రావుగోరూ' అనేవాడు. గారు లేకుండా ఎందుకు పిలవవని తిరుమలరావు అడగలేదు. అడగాలని అతనికి తోచి ఉండదు.

లక్ష్ముడి గొడవ వచ్చింది ఆ రోజుల్లోనే. లక్ష్ముడు పేటవాడే, ఆటో నడుపుతాడు, సంఘసభ్యుడు. అతని తల్లి జగ్గమ్మ మాత్రం చివరిదాకా బాప్తిస్మం తీసుకోలేదు. ఆమె పోతే ఆమె అన్నదమ్ములు హిందూ పద్ధతిలోనే తీసుకెళ్లారు. శవాన్ని మోసుకుపోతూ సగం దారిలో పాడె దించుతారు. దగ్గరివాళ్లు ఒకరు వంగి చనిపోయినవాళ్ల చెవిలో ముమ్మారు పిలుస్తారు. ఏ మూలో ప్రాణం మిగిలి ఉంటే ఆ పిలుపుకి పలుకుతారని. అదే దింపుడు కళ్లం. పత్రికలవాళ్లు ఎన్నికల ఫలితాలప్పుడు ఓడిపోతున్నవాళ్ల ఆశకి ఈ మాట వాడుతుంటారు గానీ, ఆ చోట నిలబడ్డవాళ్లెవరికీ అది హాస్యంగా ఉండదు. అక్కడ లక్ష్ముడు వంగి "అమ్మా" అని పిలిచాడు.

సంఘం కూర్చున్నప్పుడు ధనరాజు లేచి, చచ్చినవాళ్లని పలకరించడం వాక్యం నిషేధించిన పని అన్నాడు. పశ్చాత్తాపపడి సంఘం ముందు ఒప్పుకునేదాకా లక్ష్ముణ్ణి ప్రభువు బల్లకి దూరంగా ఉంచాలన్నాడు. నెలకొకసారి రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆ బల్ల దగ్గరికి రానివ్వకపోవడం ఈ సంఘాల్లో చిన్న శిక్ష కాదు. పళ్లెం పక్కవాడిదాకా వచ్చి, నిన్ను దాటి అవతలివాడికి పోతుంది. అందరూ చూస్తారు. కొన్ని నెలలు లక్ష్ముడు అలా కూర్చుని, చివరికి లేచి తప్పయిందన్నాడు. మళ్లీ చేర్చుకున్నారు.

శిక్ష వేసిన ఆదివారం సాయంత్రం తిరుమలరావు మెట్టు మీద కూర్చోకుండా నిలబడే అడిగాడు.

"తల్లిని అమ్మా అన్నందుకు శిక్షేస్తారేట్రా మీరు?"

"తల్లిని కాదు. శవాన్ని."

"సరే. మీ ప్రభువు ఒకడి సమాధి ముందర నిలబడి, నాలుగు రోజుల కిందట సచ్చిపోయినోణ్ణి పేరెట్టి పిలిసేడా లేదా? అది దింపుడు కళ్లం కాదేటి?"

ధనరాజు వెంటనే జవాబు చెప్పలేదని, భుజం మీది తువ్వాలు తీసి మడత పెట్టాడని, తిరుమలరావు తర్వాత మిల్లులో అందరికీ చెప్పుకున్నాడు. కాని జవాబు వచ్చింది.

"ఆయన పిలిసేడు, ఆడు లెగిసొచ్చేడు. మీరు పిలుత్తారు, లెగరు. లెగరని మీకూ తెల్సు. అధికారం ఉన్నోడి పిలుపు ఒకటి, ఆశ సావనోడి పిలుపు ఒకటి. మా లక్ష్ముడు రెండోది పిలిసేడంటే మొదటిదాన్ని నమ్మనట్టే."

"అంటే ఆశ ఉండకూడదంతావు."

"ఎవుడి మీద పెట్టాలో ఆడి మీద పెట్టమంతాను."

తిరుమలరావు కూర్చున్నాడు. అతను కూర్చున్నాడంటే ఆ పూటకి ఓడిపోయాడని అర్థం.

మిల్లులో ఊక దుమ్ము పీల్చి పీల్చి అతని ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. మొదట అరసవల్లి వెళ్లడం మానుకున్నాడు, తర్వాత మెట్టు దాకా నడవడం. చివరికి శ్రీకాకుళంలో ఆసుపత్రిలో పెట్టారు. మొహానికి మాస్కు, గొట్టం. ధనరాజు సాయంత్రం షాపు మూసి వెళ్లి మంచం పక్కన కూర్చునేవాడు. తిరుమలరావు భార్య ఈశ్వరి అతను వచ్చాక టీకని బయటికి వెళ్లేది. ఇద్దరినీ వాదించుకోనివ్వడమే మందని ఆమె నమ్మకం.

ఒక రోజు ధనరాజు వాదించలేదు. చేతులు కట్టుకుని అడిగాడు.

"రావుగోరూ, ఒక్క మాట. ఆయన్ని ఒప్పుకో. పైకి అనక్కర్లేదు, లోపలే అనుకో. నాకోసం కాదు, నీకోసం."

తిరుమలరావు మాస్కు కొంచెం పక్కకి జరిపాడు. "ముప్పయ్యేళ్లు ఊపిరున్నప్పుడు ఒప్పుకోనోణ్ణి. ఊపిరాడక ఒప్పుకున్నానంటే నీకు పరువేట్రా అది?"

"పరువు సంగతి ఒగ్గీ."

"ఒగ్గను. నువ్వూ ఒగ్గొద్దు." మాస్కు మళ్లీ పెట్టుకుని, కాసేపు పీల్చుకుని, మళ్లీ జరిపాడు. "నాకో పని సేసిపెట్టు. దింపుడు కళ్లం కాడ నువ్వు పిలు."

"నాను పిలవను. నీకు తెల్సు గదా."

"తెల్సు. అందుకే అడగతన్నాను. మా గుంటడు త్రినాథ్ పిలిస్తే నాను పడుకునే ఉంతాను, ఆడి మాట నాను బతికుండగానే ఇన్లేదు. నీ గొంతు ఇనపడితే మట్టుకు జవాబు సెప్పకుండా ఉండలేను. లెగితే నీ గొంతుకే లెగాల."

ఈశ్వరి టీ గ్లాసులతో వచ్చేసరికి ఇద్దరూ ఎటో చూస్తున్నారు. ఆమె అడిగితే, ఏమీ లేదమ్మా, మీ ఆయన మళ్లీ గెలిసేడు అన్నాడు ధనరాజు.

తిరుమలరావు ఆ వారంలోనే పోయాడు.

ఎత్తుబడి నాడు ధనరాజు జనం వెనక నడిచాడు. శవయాత్రలో నడవడం వరకు వాక్యం ఏమీ అనదు. శ్మశానం ఉన్న గెడ్డ వాగు ఒడ్డుకి సగం దారిలో, పాత ఇటుకబట్టీ దగ్గర, పాడె దించారు. కుండ పట్టుకుని ముందు నడుస్తున్న తిరుమలరావు కొడుకు త్రినాథ్ వెనక్కి తిరిగి జనంలో వెతికాడు.

"ధనరాజు బాబాయ్, నువ్వు పిలవాలంట. నాన్న సెప్పేడు."

తిరుమలరావు తమ్ముడు చినబాబు అడ్డొచ్చాడు. "పేటోడు పిలవడమేట్రా. మనోళ్లు లేరేటి? సావునాడు కూడా ఈ తిక్క పనులేటి?"

ఆ మాటకి ధనరాజుకి అవమానం కలగాలి. కలగలేదు. తప్పుకోవడానికి దారి దొరికిందని గుండె తేలికపడిందని అతనే తర్వాత చెప్పాడు. కులం అతనికి జీవితంలో ఒక్కసారి అక్కరకు వచ్చింది, అదీ ఆ రోజే.

త్రినాథ్ చినబాబుకి తగ్గలేదు. "నాన్న అడిగేడు బాబాయ్. ధనరాజు బాబాయ్ ఒప్పుకుంతే పిలుత్తాడు, నేదంటే లేదు. నువ్వు సెప్పీది కాదు."

అందరూ ధనరాజు వైపు చూశారు. వాళ్లలో పేటవాళ్లు కూడా ఉన్నారు. బల్లకి దూరమై నెలల తరబడి కూర్చున్న లక్ష్ముడు ఉన్నాడు. పూలు మోసుకొచ్చింది అతని ఆటోయే. ధనరాజు చెప్పులు విడిచి ముందుకి వచ్చాడు. మోకాళ్ల మీద కూర్చుని, చెవి దగ్గరికి వంగాడు.

"రావుగోరూ," అన్నాడు.

మళ్లీ, "రావుగోరూ."

మూడోసారి ఇంకా కిందికి వంగాడు. "ఒరే తిరుమలా. లెగరా. నాది తప్పని సెప్పరా."

దింపుడు కళ్లం దగ్గర పిలిచాక అందరూ ఒక్క క్షణం ఆగుతారు. తతంగమంతా ఆ ఆగడంలోనే ఉంది. ఏమీ జరగదని తెలిసీ పెద్దపెద్దవాళ్లు ఊపిరి బిగబట్టి ఒక మొహం వైపు చూస్తారు. ఆ తర్వాత చినబాబే ముందుగా పాడె కొమ్ము పట్టుకుని, లేవండర్రా అన్నాడు, కొంచెం మెత్తగానే.

మర్నాడు పొద్దున్నే ధనరాజు పాస్టరు దగ్గరికి వెళ్లాడు. నవీన్ కొత్త పాస్టరు, బెంగుళూరులో వేదాంతం చదివి వచ్చినవాడు, మెత్తటి మనిషి. జరిగింది విని అతను నవ్వినంత పని చేశాడు.

"అంకుల్, అది సంస్కృతి. ప్రేమతో పిలిచారు. దేవుడు హృదయం చూస్తాడు."

"లక్ష్ముడూ ప్రేమతోనే పిలిసేడు బాబూ."

"అప్పుడు నేను లేను కదా."

"వాక్యం ఉన్నాది గదా. ఆడికి ఒకటీ నాకు ఒకటీనా? రేపు ఆదివారం సంఘంలో నా పేరు సెప్పి బల్లకి దూరం పెట్టు."

నవీన్ ఇబ్బందిగా కదిలాడు. సంఘపెద్దని శిక్షిస్తే సంఘం చీలుతుందని అతని భయం. "సరే, తప్పయిందని ఒక్క ప్రార్థన చేసేయండి. ఇక్కడే. అయిపోతుంది."

"తప్పే. తప్పని నాకు తెల్సు. మళ్లీ పిలవమంటే మళ్లీ పిలుత్తాను. దాన్ని పశ్చాత్తాపం అంతారేటి?"

ముద్దాయి శిక్ష కావాలంటున్నాడు, జడ్జీ వేయనంటున్నాడు. ఇలాంటి కేసుకి నవీన్ చదివిన పుస్తకాల్లో దారి లేదు. చివరికి శిక్ష ధనరాజే వేసుకున్నాడు. పెద్దరికం వదులుకుని, ముందు వరసలోంచి లేచి వెళ్లి గోడనానుకుని ఉన్న ఆఖరి బెంచీ మీద కూర్చున్నాడు. నెల మొదటి ఆదివారం పళ్లెం వస్తే చేత్తో తాకకుండా పక్కకి చూపించేవాడు. భార్య కుమారి ఆడవాళ్ల వైపు నుంచి తల తిప్పి చూసి, తన ముక్క నోట్లో పెట్టుకునేది. "ఆ మనిషి పోయి ఆయన దేవుడి కాడికి ఆయన పోయేడు. నువ్వు బతికుండి ఎవుడి కాడా లేవు," అంది ఇంటి దగ్గర ఒకసారి. అందులో కోపం కంటే భయం ఎక్కువ. బల్లకి దూరంగా ఉన్నప్పుడే పోతే ఏమిటన్నది ఆమె భయం.

ఒకనాడు అతను లక్ష్ముడి ఆటో ఎక్కాడు. దిగాల్సిన చోట దిగకుండా కూర్చున్నాడు.

"లక్ష్ముడూ, నీకు పశ్చాత్తాపం ఎలగొచ్చింది? ఎన్నాళ్లకొచ్చింది? నాకు రావట్లేదు."

లక్ష్ముడు ఇంజను ఆపాడు. "రాలేదన్నా."

"మరి సంఘంలో ఒప్పుకున్నావు గదా."

"పిల్లదాని పెళ్లి చర్చిలో సెయ్యాల. తప్పయిందని సెప్పీసేను. అమ్మని అమ్మా అనడం తప్పని ఏ కొడుకు నమ్ముతాడు సెప్పు."

"అబద్ధమాడి రొట్టె తిన్నావా?"

"నువ్వు తినిపించేవు," అన్నాడు లక్ష్ముడు, తిట్టినట్టు కాకుండా, దారి చెప్పినట్టు. "నువ్వూ సెప్పీయన్నా. ఒక్క మాటే గదా. మాలో ఎంతమంది అలా సెప్పి తింతన్నామో నీకు తెలీదు."

ధనరాజు ఆటో దిగాడు. తను బల్లని కాపాడుతున్నానని ఇన్నేళ్లు అనుకున్నాడు. నిజం చెప్పినవాణ్ణి దూరం పెట్టి, అబద్ధం చెప్పినవాణ్ణి దగ్గరికి తీశానని ఆ మధ్యాహ్నం తెలిసింది. తెలిసినా సిద్ధాంతం మారలేదు. పిలవడం తప్పే. లక్ష్ముడిది తప్పే, తనదీ తప్పే. దాంట్లోంచి జాలి కోసం ఒక కిటికీ తెరిచిపెట్టడం అతనికి చేతకాదు. చేతనైనవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లలో ఒకడు వేసవిలో వచ్చాడు.

మొన్నటి ఎండాకాలం చర్చి ఆవరణలో షామియానా వేసి సభలు పెట్టారు. దక్షిణం వైపు నుంచి ఒక దైవజనుడు వచ్చాడు. తెల్ల చొక్కా, మంచి కంఠం. అతను తెచ్చింది కొత్త బోధ. మీ ఇళ్లలో ప్రభువుని ఎరగకుండా వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు, వాళ్లు ద్వారం అవతల మీ కోసం ఎదురుచూస్తున్నారు, మీరు లేచి పేరు చెబితే చాలు, నేను నూనెతో అభిషేకించి ప్రార్థిస్తాను, ద్వారం తెరుచుకుంటుంది అన్నాడు.

ఆ పేటలో ఆ మాట ఎవరికి తగలదు? ప్రతి ఇంట్లో సగం మంది అటు, సగం మంది ఇటు. తాతలు, మేనత్తలు, ఒప్పుకోకుండానే పోయిన తండ్రులు. దశాబ్దాలుగా ఆ సంఘం ఆదివారం ఆదివారం పాటలు పాడుతూనే, తమవాళ్లు ఎక్కడున్నారన్న ప్రశ్నని నోట్లోనే నొక్కిపెట్టుకుంది. ఒక్కొక్కరే లేచారు. ఒకామె తాత పేరు చెప్పి ఏడ్చింది. లక్ష్ముడు లేచి, "మా అమ్మ, జగ్గమ్మ," అన్నాడు. దైవజనుడు చెయ్యి చాపి, విడుదల కలిగింది అన్నాడు. లక్ష్ముడు నేల మీద కూలబడిపోయాడు. నవీన్ పాస్టరు పక్కనే నిలబడి ఉన్నాడు. ఇది తను చదువుకున్నది కాదని అతనికి తెలుసు. జనం ఏడుపు చూసి ఊరుకున్నాడు.

అప్పుడు ఆడవాళ్ల వైపు ఈశ్వరి లేచింది. ఆమె ఆ ఆవరణలోకి రావడం అదే మొదలు. కుమారి చెప్పింది ఆమెకి, మా చర్చిలో ఇలా ప్రార్థన చేస్తున్నారు, నీ పెనిమిటీ మా పెనిమిటీ ఒక్కచోట ఉంటారని. తల మీద కొంగు కప్పుకుని నిలబడింది.

"పేరు చెప్పమ్మా," అన్నాడు దైవజనుడు.

ఈశ్వరి నోరు తెరిచింది. పెళ్లయిన నాటి నుంచి ఆమె మొగుడి పేరు నోటితో అనలేదు. రేషను కార్డు దగ్గర కూడా కొడుకు చేత చెప్పించేది. చుట్టూ చూసింది. వెనక బెంచీ మీద ధనరాజు కనిపించాడు.

"నువ్వు సెప్పన్నియ్యా," అంది. "నాకు నోరు రావట్లేదు. ఆయన పేరు నువ్వు సెప్పు."

ధనరాజు లేచాడు. కుమారి రెండు చేతులూ జోడించింది. షామియానా కింద ఉన్న ప్రతివాళ్లకీ ఆ ఇద్దరి స్నేహం తెలుసు. రెండు మాటల్లో పని అయిపోయేది. అతనికి కావలసింది లోకంలో ఇంకేదీ లేదు. ఏ బోధ నిజమైతే బాగుండునని అతను చీకట్లో దేవుణ్ణి అడుక్కుని ఉంటాడో, ఆ బోధే మైకు పట్టుకుని ఎదురుగా నిలబడి ఉంది.

"ఇది వాక్యంలో లేదు," అన్నాడు ధనరాజు.

దైవజనుడు చిరునవ్వు చెక్కుచెదరనివ్వలేదు. "అయ్యా, తమరెవరు?"

"ఎనక బెంచీవోణ్ణి. అయ్యా, సిలవ మీద పక్కనున్న దొంగ తన నోటితో తనే అడిగేడు. ఆడి కోసం ఆళ్లమ్మొచ్చి అడగలేదు. ఇటునుంచి అటు, అటునుంచి ఇటు దాటలేని అగాధం ఉందని ప్రభువే సెప్పేడు. మనం ఇక్కడ కూకుని పేరు సెప్తే అక్కడ తలుపు తెరుసుకుంతే, ఆయన సిలవెక్కడం దేనికి? నీ నూనె సాలు గదా."

"మీకు అలా వెళ్లిపోయినవాళ్లు ఎవరూ లేరనుకుంటా. ఉంటే ఇలా మాట్లాడరు."

"ఉన్నాడు."

"అయితే పేరు చెప్పండి. ఆ తల్లి అడుగుతోంది కదా."

ఈశ్వరి ఇంకా నిలబడే ఉంది.

"ఆణ్ణి పేరెట్టి పిలిసి సూసేను," అన్నాడు ధనరాజు. "లెగలేదు. నాకా అధికారం నేదు. నీకూ నేదు. నేదని నీకు తెల్సు. ఈల్లకి తెలీదు, అదే నా బాధ."

సభ అక్కడితో ముగిసినట్టే. దైవజనుడు పాట ఎత్తుకున్నాడు గానీ, ఎవరూ అందుకోలేదు. నవీన్ మైకు తీసుకుని ఏదో ముగింపు ప్రార్థన చేశాడు. ధనరాజు మాట నిజమని ఆ జనంలో చాలామందికి తెలుసు. అందుకే వాళ్లకి అతని మీద అంత కోపం వచ్చింది. అబద్ధమైతే కొట్టిపారేసేవాళ్లు. లక్ష్ముడు కళ్లు తుడుచుకుంటూ దగ్గరికి వచ్చాడు.

"మా అమ్మ లోపలికెల్లి గడియ కాలేదు. మళ్లీ బయటికి తోసీసినావన్నా," అన్నాడు. అని, ఆటో వైపు వెళ్లిపోయాడు.

గెలిచినవాడికి చెయ్యి ఇచ్చినవాళ్లు లేరు. మతాన్ని కాపాడటం గురించి పుస్తకాలు రాసేవాళ్లు, వేదికలెక్కేవాళ్లు ఈ ముక్క ఎప్పుడూ రాయరు. అవతలివాడి అబద్ధాన్ని పడగొట్టడం తేలిక. నీకు కావలసిన అబద్ధాన్ని, నీవాళ్లందరి ఎదుట, నీ చేత్తోనే పడగొట్టాల్సి వస్తే అప్పుడు తెలుస్తుంది ఆ పని బరువు ఎంతో.

ఈశ్వరి గేటు దగ్గర ఆగి ఉంది. ధనరాజు దగ్గరికి వెళ్లి తలొంచుకుని నిలబడ్డాడు.

"అబద్ధమే అనుకో అన్నియ్యా," అంది ఆమె. "ఒక్క పూట ఉండనియ్యకపోయేవా?"

"ఆయనే ఉండుంటే నాకంటే ముందు లెగిసి ఆణ్ణి నిలదీసీవోడమ్మా."

"నిలదీసీవోడే." ఆమె నవ్వబోయి ఆగిపోయింది. "మరి మీ లెక్కలో ఆయన ఎక్కడున్నట్టు? నిజం సెప్పు. ఆయనకి సెప్పినట్టే సెప్పు."

అతను ముప్పయ్యేళ్లు తిరుమలరావుకి మెట్టు మీద కూర్చుని చెప్పిన జవాబు అది. తడుముకోవాల్సిన పని లేదు. అయినా ఆమె దగ్గర నరకం పేరెత్తలేదు.

"ఆ లెక్క మారలేదమ్మా," అన్నాడు. "మారాలని రోజూ అడగతన్నాను."

ఈశ్వరి తల మీది కొంగు తీసి భుజం మీద వేసుకుని, లక్ష్ముడి ఆటో వైపు నడిచింది. రేపట్నుంచి త్రినాథ్ చొక్కాలు ఇంకెక్కడన్నా కుట్టించుకుంటాడని, ధనరాజు ఇక తమ ఇంటికి రావొద్దని, దారిలో కుమారితో చెప్పి వెళ్లింది.